కంపెనీ పని మీద వెళ్లి వస్తూ పడిపోతే కంపెనీకి సంబంధం లేదా?

ప్రశ్న: సార్, మా తమ్ముడికి 30 ఏళ్లు. ఒక మందుల కంపెనీలో మెడికల్ రిప్రజెంటేటివ్ (ఎంఆర్). హెడ్‌క్వార్టర్ రాజమహేంద్రవరం. 2025 మే నెలలో అమలాపురంలో డాక్టర్లను కలిసే పని మీద (కాల్స్‌కి) వెళ్లి, రాత్రి బండి మీద తిరిగొస్తూ కొత్తపేట దాటాక పడిపోయాడు. రోడ్డు మీద ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్లు పెట్టారు, చీకట్లో కనపడలేదు. కుడికాలు రెండు చోట్ల విరిగితే రాడ్ వేశారు. నాలుగు నెలలు మంచం మీదే ఉన్నాడు. ఆస్పత్రికి 2,60,000 అయింది. కంపెనీ మెడిక్లెయిమ్‌లో లక్ష వచ్చింది, మిగతాది నా బంగారం తాకట్టు పెట్టి కట్టాను. మేనేజర్‌ని అడిగితే, "లాస్ట్ కాల్ 8.40కే అయిపోయింది, ఆ తర్వాత డ్యూటీ కాదు. పడింది రోడ్డు మీద, బండి మీవాడిది, ఎదుటి వాహనం కూడా లేదు. ఇందులో కంపెనీ తప్పేముంది?" అంటున్నాడు. హెచ్‌ఆర్ వాళ్లు మాత్రం మానవతా దృక్పథంతో 20,000 ఇస్తాం, రాజీనామా ఇచ్చి, ఇక రావాల్సిందేమీ లేదని ఒప్పుకునే ఫుల్ అండ్ ఫైనల్ కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. జీతం 31,000, ఈఎస్ఐ లేదు. ఇప్పుడు కొంచెం కుంటుతున్నాడు, బండి మీద గంటకి మించి కూర్చోలేడు. మాకు ఏమైనా వస్తుందా? కేసు వేస్తే ఇంకో కంపెనీలో ఉద్యోగం రాదని వాడు భయపడుతున్నాడు.
— ఒక అక్క, రాజమహేంద్రవరం

సమాధానం: ముందు ఆ కాగితం మీద సంతకం పెట్టనివ్వకండి. రాజీనామా అసలే వద్దు. ఎందుకో తర్వాత చెబుతాను కానీ ఈ రాత్రికే చేయాల్సిన పని ఒకటుంది. మీ తమ్ముడి ఫోన్‌లో కంపెనీ రిపోర్టింగ్ యాప్ ఉంటుంది కదా, అది ఇంకా తెరుచుకుంటోందేమో చూడమనండి. తెరుచుకుంటే ఆ నెల టూర్ ప్రోగ్రామ్, దానికి మేనేజర్ ఇచ్చిన అప్రూవల్, ప్రమాదం జరిగిన రోజు డైలీ కాల్ రిపోర్ట్, ఏ డాక్టర్‌ని ఎన్ని గంటలకు కలిశాడో ఆ ఎంట్రీలు, ఆ నెల ఎక్స్‌పెన్స్ స్టేట్‌మెంట్, అన్నీ తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్లు తీసి మీ మెయిల్‌కి పంపించుకోండి. రాజీనామా ఇచ్చాక లాగిన్ ఆపేస్తారు. అప్పుడు ఆ రోజు మీవాడు అమలాపురంలో ఉన్నాడని చెప్పే కాగితాలన్నీ అవతలి వాళ్ల చేతిలోనే ఉండిపోతాయి.

ఇక అసలు విషయం. మీకు పరిహారం వస్తుంది. మేనేజర్ చెప్పినవాటిలో ఒక్కటీ చట్టం ముందు నిలిచే మాట కాదు. బండి ఎవరిది, రోడ్డు ఎవరిది, గంట ఎంత అయింది అని ఆయన అడుగుతున్నాడు. చట్టం అడిగేది వేరు: ఆ రాత్రి, ఆ రోడ్డు మీద మీ తమ్ముడు ఎందుకున్నాడు? కంపెనీ పని లేకపోతే అక్కడ ఉండేవాడా? ఉండేవాడు కాదు. కేసంతా దీని మీదే నిలబడుతుంది.

1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం మీకు వర్తిస్తుంది. వర్క్‌మెన్ కాంపెన్సేషన్ అని అందరూ అనే చట్టమే ఇది, తర్వాత పేరు మారింది. ఇది ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లకే అని, ఎంఆర్లకు వర్తించదని ఎవరైనా అంటే నమ్మకండి. 1976లో సేల్స్ ప్రమోషన్ ఉద్యోగుల కోసం వచ్చిన చట్టంలో 6వ సెక్షన్ ఈ నష్టపరిహార చట్టాన్ని పేరుపెట్టి మెడికల్ రిప్రజెంటేటివ్‌లకు వర్తింపజేసింది. జీతం 31,000 కాబట్టి ఈఎస్ఐ పరిధిలోకి రారు, దాని పరిమితి 21,000. ఒకరకంగా అదే మీకు ఈ దారి తెరిచింది. ఈఎస్ఐ ఉన్నవాళ్లు ఈ చట్టం కింద అడగడానికి వీల్లేదు, వాళ్లకు పరిహారం ఈఎస్ఐ కార్పొరేషన్ నుంచే రావాలి. ఈ ఉత్తరం చదువుతున్న వాళ్లలో 21,000 లోపు జీతంతో ఫీల్డ్ పనులు చేసేవాళ్లు ఉంటే, ప్రమాదం జరగగానే కంపెనీ చేత ఈఎస్ఐకి యాక్సిడెంట్ రిపోర్ట్ పంపించుకోండి. పనికి వెళ్లలేని రోజులకు జీతంలో సుమారు 90 శాతం అక్కడే వస్తుంది.

2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయని మీరు వినే ఉంటారు. ఈ పాత చట్టం ఇప్పుడు సామాజిక భద్రత కోడ్‌లో కలిసిపోయింది. మీ ప్రమాదం మే నెలది. అప్పటికి పాత చట్టమే ఉంది కాబట్టి ఆ రోజు పుట్టిన హక్కు అలాగే ఉంటుంది. "పాత చట్టం రద్దయిపోయిందమ్మా" అని హెచ్‌ఆర్ అంటే టెన్షన్ పడకండి.

మేనేజర్ మాటలు ఒక్కొక్కటే చూద్దాం. లాస్ట్ కాల్‌తో డ్యూటీ అయిపోయిందట. అమలాపురం మీ తమ్ముడికి ఎక్స్ స్టేషన్ అయి ఉండాలి. అంటే పొద్దున వెళ్లి రాత్రికి హెడ్‌క్వార్టర్‌కి తిరిగి రావాల్సిన ఊరు. అక్కడ లాడ్జి ఖర్చు ఇవ్వరు, ఎక్స్ స్టేషన్ అలవెన్సు ఇస్తారు, కిలోమీటరుకు ఇంత అని రానుపోను లెక్క కడతారు. ఎక్స్‌పెన్స్ స్టేట్‌మెంట్ ఎందుకు దాచుకోమన్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది. పోను 60 కిలోమీటర్ల పైన, రాను 60 కిలోమీటర్ల పైన కంపెనీ డబ్బు కట్టింది అంటే, తిరుగు ప్రయాణం కూడా తన పనేనని తనే ఒప్పుకున్నట్టు. ఇటు ఖర్చు ఇచ్చి అటు డ్యూటీ కాదనడం కుదరదు. ఆ నెల స్టేట్‌మెంట్‌లో ప్రమాదం రోజు లైన్ కొట్టేసి ఉంటే, అంతకు ముందు నెలల్లో అమలాపురం వెళ్లిన రోజులవి తీయండి. రివాజు ఏమిటో వాటిలోనే కనిపిస్తుంది.

పైగా డాక్టర్లు సాయంత్రం ఓపీ ముగించుకుని ఎంఆర్లను లోపలికి పిలిచేసరికి ఎనిమిదిన్నర, తొమ్మిది అవుతుంది. ఆ సంగతి ఏరియా మేనేజర్‌కి తెలియదా? ఆయనా ఒకప్పుడు బ్యాగు పట్టుకుని ఆ క్లినిక్‌ల బయట నిలబడిన మనిషే అయి ఉంటాడు. ఆ గంటకి పని ముగిస్తే చీకట్లోనే రావాలి, వేరే దారి లేదు.

ఆఫీసు ఆవరణలో జరగలేదు కదా అన్న మాటకు వస్తే, ఎంఆర్‌కి ఆఫీసు ఎక్కడుంది? ఇల్లు, బండి, బ్యాగు, క్లినిక్‌ల బయట బెంచీలు. ఫీల్డ్ అంతా పనిచేసే చోటే. ఇంటి నుంచి పనికి వెళ్లే దారి గురించి కోర్టుల్లో చాలాకాలం వాదనలు నడిచాయి. 1996లో ఒక కేసులో, సైకిల్ మీద ఫ్యాక్టరీకి వెళ్తూ కిలోమీటరు దూరంలో లారీ గుద్దిన కార్మికుడికి సుప్రీంకోర్టు కాదంది. ఆ పరిస్థితి ఇప్పుడు మారింది. 2025 జూలై 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మీకు బాగా పనికొస్తుంది. మహారాష్ట్రలో ఒక చక్కెర ఫ్యాక్టరీ వాచ్‌మన్, తెల్లవారుజామున 3 గంటల డ్యూటీకి మోటారు సైకిల్ మీద వెళ్తూ ఫ్యాక్టరీకి 5 కిలోమీటర్ల దూరంలో ప్రమాదంలో చనిపోయాడు. అది 2003 ఏప్రిల్‌లో. ఈ చట్టం కింద కేసులు వినే అధికారి, అంటే కమిషనర్ పరిహారం ఇవ్వమన్నాడు, హైకోర్టు కొట్టేసింది, చివరికి 22 ఏళ్ల తర్వాత సుప్రీంకోర్టు ఆ కుటుంబం వైపు నిలబడింది. ప్రమాదం జరిగిన సమయం, స్థలం, పరిస్థితులకూ ఉద్యోగానికీ సంబంధం కనపడితే, ఇంటికీ పనికీ మధ్య దారిలో జరిగినదీ ఉద్యోగంలో జరిగినట్టేనని చెప్పింది. ఆ వాచ్‌మన్ ఇంకా డ్యూటీ ఎక్కనే లేదు. మీ తమ్ముడు కంపెనీ వేసిన టూర్ ప్రోగ్రామ్ ప్రకారం తిరుగుతూ పడ్డాడు. మీది ఇంకా గట్టి కేసు.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. కాల్స్ అయ్యాక సొంత పనేదైనా చూసుకున్నాడా అని అవతలి లాయర్ తప్పకుండా అడుగుతాడు. ముమ్మిడివరంలో స్నేహితుడి పెళ్లికి వెళ్లి, అక్కడి నుంచి వస్తూ పడి ఉంటే కథ వేరేగా ఉండేది. దారిలో ఆగి టీ తాగడం, టిఫిన్ చేయడం, పెట్రోలు కొట్టించడం అలాంటివి కావు. కొత్తపేట అమలాపురం నుంచి రావులపాలెం వచ్చే దారిలోనే ఉంది కాబట్టి ప్రమాదం జరిగిన చోటు మీకు అనుకూలమే. ఆ రాత్రి ఎక్కడెక్కడ ఆగాడో మీ తమ్ముణ్ణి ఇప్పుడే అడిగి ఉన్నదున్నట్టు రాసి పెట్టుకోండి. అక్కడ కమిషనర్ ముందు తడబడితే కష్టం.

బండి మీవాడిది కావడం వల్ల బాధ్యత తప్పదు. ఎదుటి వాహనం లేకపోవడం వల్ల మీకు పోయేది మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ దారి ఒక్కటే. గుద్దిన లారీ ఉంటే, దాని ఇన్సూరెన్స్ మీద ట్రిబ్యునల్‌కి వెళ్లడమా, యజమాని మీద ఈ చట్టం కింద వెళ్లడమా అని ఒకటే ఎంచుకోవాల్సి వచ్చేది, రెండూ కుదరవు. 31,000 జీతం ఉన్న మనిషికి అప్పుడు ట్రిబ్యునల్లోనే ఎక్కువ వచ్చే అవకాశం ఉండేది. మీకు ఆ ఆలోచన అక్కర్లేదు. ధాన్యం ఆరబోసిన రైతు మీద పడాలా అని కూడా ఆలోచిస్తున్నారేమో, వద్దంటాను. రబీ కోతల టైములో కల్లం లేక, వాన భయంతో తారురోడ్డు మీద ధాన్యం పోసుకునే కౌలు రైతు దగ్గర మీకు వచ్చేదేమీ ఉండదు. అది చేయాల్సిన పని అని నేననను, రాళ్లు పెట్టడం ప్రాణాంతకమే. కానీ మీ డబ్బు ఉన్న చోటు అది కాదు.

"ఇందులో కంపెనీ తప్పేముంది?" అన్నది అసలు ఇక్కడ ప్రశ్నే కాదు. ఈ చట్టంలో కంపెనీ తప్పు చేసిందని మీరు నిరూపించక్కర్లేదు. మీ తమ్ముడు కాస్త వేగంగా నడిపాడని అన్నా సరిపోదు. మద్యం మత్తు, భద్రత కోసం స్పష్టంగా పెట్టిన నిబంధనను కావాలని ఉల్లంఘించడం, ఇలాంటి కొన్ని కారణాలే కంపెనీకి అడ్డం పెట్టుకోవడానికి ఉన్నాయి. అవి కూడా గాయానికి నేరుగా కారణమైతేనే. హెల్మెట్ తప్పనిసరి అని సర్క్యులర్ ఇచ్చాం, పెట్టుకోలేదు అంటారేమో. విరిగింది కాలు కదా! ఆస్పత్రి అడ్మిషన్ కాగితాల్లో మద్యం వాసన గురించి ఏం రాశారో మాత్రం ఒకసారి చూడండి. కేస్ షీట్ కాపీ అడిగి తెచ్చుకోండి. అందులో ప్రమాదం ఎలా జరిగింది, ఎక్కడ జరిగింది అని రాసిన మొదటి రెండు లైన్లు చాలా ముఖ్యం. ఎమ్మెల్సీ, అంటే ప్రమాద గాయాల గురించి ఆస్పత్రి రాసే మెడికో లీగల్ కాగితం, రాసి పోలీస్ స్టేషన్‌కి పంపి ఉంటే ఆ కాపీ కూడా తీసుకోండి.

ఇప్పుడు డబ్బు లెక్క. జీతం 31,000 అయినా పరిహారం లెక్కకు నెల జీతం 15,000 వరకే తీసుకుంటారు. ఇది అన్యాయమే, కానీ 2020 జనవరి నుంచి ఉన్న పరిమితి అదే. మంచం మీద ఉన్న నాలుగు నెలలకు పదిహేను రోజులకోసారి అందులో పావు వంతు, అంటే 3,750 రావాలి. మొత్తం 30,000 అవుతుంది. ఆ రోజులకు కంపెనీ సెలవు జీతం ఏదైనా ఇచ్చి ఉంటే అది తగ్గించే వీలుంది.

అసలు మొత్తం శాశ్వత వైకల్యం మీద వస్తుంది. 15,000లో 60 శాతం 9,000. 30 ఏళ్ల వయసుకు చట్టం పట్టికలో ఉన్న అంకె 207.98. రెండూ గుణిస్తే 18,71,820. అది నూటికి నూరు పాళ్లు పనికి రాకుండా పోయినప్పటి లెక్క. మీ తమ్ముడికి సంపాదన శక్తి 20 శాతం తగ్గిందని తేలితే 3,74,364 వస్తుంది. నిజమైన పోరాటం ఈ శాతం దగ్గరే జరుగుతుంది, అందుకే ఇక్కడ కాస్త ఆగి చదవండి. కాలు ఎంత శాతం దెబ్బతింది అన్నది ఒక ప్రశ్న. దానివల్ల ఈ మనిషి సంపాదన ఎంత దెబ్బతింది అన్నది ఇంకో ప్రశ్న. చట్టం అడిగేది రెండోది. ఒరిస్సాలో పని చేస్తూ పడిపోయి ఎడమ చేయి మోచేతి పైన తీసేయాల్సి వచ్చిన ఒక వడ్రంగి కేసులో, చేయి పోవడానికి పట్టికలో ఉన్న శాతమే ఇస్తామంది యజమాని పక్షం. ఒంటి చేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి అది నూరు శాతం నష్టమేనని 1975 చివర్లో సుప్రీంకోర్టు తేల్చింది. ఎంఆర్ ఉద్యోగం అంటే రోజంతా బండి మీద తిరగడం, మెట్లెక్కడం, గంటల తరబడి నిలబడడం. కుర్చీలో కూర్చునే ఉద్యోగికి ఈ కాలు 15 శాతం నష్టమైతే మీవాడికి అంతకంటే ఎక్కువే. సర్టిఫికెట్ ఇచ్చే ఆర్థోపెడిక్ డాక్టర్‌కి మీ తమ్ముడు తన ఉద్యోగంలో రోజూ ఏమేం చేస్తాడో వివరంగా చెప్పాలి. సంపాదన శక్తి ఎంత తగ్గిందో కూడా ఆ సర్టిఫికెట్‌లో రాయమని అడగాలి. అవసరమైతే డాక్టర్ వచ్చి సాక్ష్యం చెప్పాల్సి ఉంటుంది. అందుకు సిద్ధంగా ఉండే డాక్టర్ దగ్గరే తీసుకోండి.

మీ బంగారం సంగతి. వైద్యానికి నిజంగా అయిన ఖర్చు యజమాని తిరిగి ఇవ్వాలని 2009 సవరణలో చేర్చారు. మెడిక్లెయిమ్ పోను మీరు కట్టిన 1,60,000కి బిల్లులు, మందుల చీటీలు, ఫిజియోథెరపీ రసీదులు అన్నీ పెట్టి అడగండి. కంపెనీ ఇప్పటికే వైద్యం కోసం ఏమైనా ఇచ్చి ఉంటే దాన్ని పరిహారంలోంచి కోయకూడదు. మెడిక్లెయిమ్ ఇచ్చేశాం కదా అంటారు, అది ఆస్పత్రి ఖర్చు మాత్రమే. కంపెనీ గ్రూప్ పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ తీసుకుందో లేదో కూడా హెచ్‌ఆర్‌ని మెయిల్‌లో అడగండి. చాలా మందుల కంపెనీలు తీసుకుంటాయి, ఉద్యోగికి చెప్పడమే ఉండదు. బండి పాలసీలో ఓనర్ డ్రైవర్‌కి 15 లక్షల కవర్ ఉన్నా, అది మరణానికీ, కాలో చేయో కన్నో పోయినప్పటికీ, పూర్తి శాశ్వత వైకల్యానికీ తప్ప ఎముక విరిగితే రాదు. దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

పరిహారం ఇవ్వాల్సిన రోజు నుంచి నెలలోపు ఇవ్వకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ. సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే బకాయిలో 50 శాతం వరకు పెనాల్టీ కూడా వేయవచ్చు. పరిహారం ప్రమాదం రోజు నుంచే బాకీ పడినట్టని పైన చెప్పిన వడ్రంగి కేసులోనే తేలింది. కంపెనీకి ఈ చట్టం కింద ఇన్సూరెన్స్ ఉంటే పరిహారం, పాలసీ షరతులను బట్టి వడ్డీ కూడా ఇన్సూరెన్స్ వాళ్లు కడతారు. పెనాల్టీ మాత్రం యజమాని జేబులోంచే పోతుంది. ఈ ఒక్క మాట నోటీసులో రాస్తే హెచ్‌ఆర్ గొంతు మారడం చాలాసార్లు చూస్తుంటాం.

ఇప్పుడు 20,000 కాగితం. పరిహారం హక్కు వదులుకుంటున్నానని ఉద్యోగి రాసిచ్చినా ఆ ఒప్పందం చెల్లదని చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. మరి సంతకం పెడితే ఏమైంది అనుకోవచ్చు. చెల్లదని తేల్చుకోవడానికే ఏడాది పడుతుంది, ఈలోగా ఉద్యోగమూ పోతుంది. మంచి మొత్తానికి రాజీ కుదిరితే మాత్రం ఒప్పుకోవచ్చు, ఆ ఒప్పందాన్ని కమిషనర్ దగ్గర రిజిస్టర్ చేయించుకోండి.

ఎక్కడికి వెళ్లాలి? కంపెనీ హెడ్డాఫీసు ముంబైలో ఉన్నా అహ్మదాబాద్‌లో ఉన్నా అక్కడికి వెళ్లక్కర్లేదు. మీరు ఉండే చోటో, ప్రమాదం జరిగిన చోటో ఏ కమిషనర్ పరిధిలోకి వస్తే అక్కడ వేయవచ్చు. కార్మిక శాఖ అధికారులే ఈ బాధ్యత చూస్తారు. రాజమహేంద్రవరంలో లేబర్ ఆఫీసుకి వెళ్లి ఎవరి దగ్గర దాఖలు చేయాలో అడగండి, చెబుతారు. ప్రమాదం జరిగిన రోజు నుంచి రెండేళ్ల గడువు, అంటే 2027 మే వరకు ఉంది. అంతవరకు ఆగకండి. ప్రమాదం గురించి కంపెనీకి రాతపూర్వకంగా చెప్పలేదే అన్న బెంగ కూడా వద్దు. ఆ రాత్రే మేనేజర్‌కి ఫోన్ చేసి ఉంటారు, ఆస్పత్రి నుంచి వాట్సాప్‌లో ఫోటోలు పంపి ఉంటారు. కంపెనీకి అప్పుడే తెలిసిందనడానికి అవి చాలు. చాట్ డిలీట్ కాకుండా చూసుకోండి.

మీ తమ్ముడి భయం నాకు అర్థమవుతుంది. మందుల కంపెనీల్లో మేనేజర్లు ఒకరికొకరు తెలిసినవాళ్లే, మాట పాకుతుంది. అందుకే మొదటి అడుగు కేసు కాదు, ఉత్తరం. ఎంఆర్ల సంఘం ఎఫ్ఎంఆర్ఏఐకి రాష్ట్రంలో యూనిట్లు ఉన్నాయి, మీ తమ్ముడు సభ్యుడు కాకపోయినా వెళ్లి కలవమనండి. ఇలాంటి గొడవలు వాళ్లకు కొత్త కాదు, కంపెనీతో మాట్లాడేటప్పుడు ఒంటరిగా కనపడకుండా ఉండటం ముఖ్యం. ఎంఆర్లకు పారిశ్రామిక వివాదాల రక్షణ కూడా ఉండటంతో, గాయపడ్డాడన్న కారణానికి ఉన్నపళంగా తీసేయడం కంపెనీకి అంత తేలిక కాదు. ఫీల్డ్ చేయలేకపోతే స్టాకిస్ట్ (మందుల టోకు వ్యాపారి) దగ్గర చూసే పనో, ఆఫీసు పనో ఇవ్వమని అదే ఉత్తరంలో అడగవచ్చు.

ఆ ఉత్తరం రెండు పేజీలు దాటనివ్వకండి. తేదీ, టూర్ ప్రోగ్రామ్‌లో ఆ రోజు అమలాపురం అని ఉన్న సంగతి, ఆఖరి కాల్ టైము, ప్రమాదం జరిగిన చోటు, గాయం, ఖర్చు, చట్టం పేరు, 30 రోజుల గడువు ఉంటే చాలు. తిట్లు, శాపాలు వద్దు. మేనేజర్‌కి మెయిల్ చేస్తే సరిపోదు. కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామాకి స్పీడ్ పోస్టులో, చేరినట్టు రుజువు వచ్చేలా పంపండి, కాపీ హెచ్‌ఆర్‌కి మెయిల్ చేయండి. ఆ చిరునామా అపాయింట్‌మెంట్ లెటర్ మీద అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది.